నీడబాట మీద మా ఇంటి మాట

వైశాఖ శుద్ధ విదియ, సోమవారం

మొన్న శనివారం పొద్దు గురించి ముందు రాసుకోవాలి. ఆ పొద్దున ఏమీ జరగలేదు. అందుకే రాయాలి.

నాలుగింటికి లేచాను. చన్నీళ్ళ స్నానం, దీపం, నామాలు. నామాలు సగంలో ఉండగా నాయన దగ్గు వినిపించింది. ఆ దగ్గును బట్టి ఆయనకు రాత్రి నిద్ర పట్టిందో లేదో చెప్పగలను. పట్టలేదు. కాఫీ పెట్టిచ్చి, ఐదుకు చీపురు తీసుకుని బాట మీదికి వెళ్ళాను.

వైశాఖంలో కానుగ పూలు రాత్రంతా రాలతాయి. చూడ్డానికి పేలాలు చల్లినట్టుంటుంది. సైకిలు చక్రం కింద పడితే మాత్రం సబ్బుముక్కే. మా ఇంటి ముందు నుంచి బడి మలుపు దాకా ఊడ్చి, పూలన్నీ తట్టకెత్తి చెట్ల మొదళ్ళలో పోశాను. చలివేంద్రం కుండలు మూడూ కడిగి, నింపి, తడిగుడ్డ చుట్టాను. మధ్య కుండ కొద్దిగా కారుతోంది. మార్చాలి.

ఐదున్నరకు పాల సైకిళ్ళు పోయాయి. ఆరుకు రయాన్ గుంపుబండి వచ్చింది. పన్నెండు మంది పట్టే బండి. నెత్తిన సోలారు పలకలు. మనిషి గట్టిగా పరుగెత్తితే దాన్ని దాటిపోవచ్చు.

"అక్కా, దూరమా?" అన్నాడు రయాన్.

బయల్దేరిన మనిషిని మా వైపు యాడికి అని అడగరు. అడిగితే పోయే పని చెడుతుందని. దూరమా అంటారు.

"దూరమే. ఆ మూడో చెట్టు దాకా," అన్నాను.

ఈ మాట ఇరవై ఆరేళ్ళుగా అనుకుంటున్నాం. ఇద్దరికీ ఇంకా నవ్వొస్తుంది.

ఎనిమిదికి బడిపిల్లలు నడిచిపోయారు. అప్పటికి నీడలో ముప్పై ఆరు డిగ్రీలు. నీడ దాటి చెయ్యి చాపితే నలభై ఆరు. చెట్ల కింద నుంచి ఒక్క పిల్ల కూడా పక్కకు అడుగు వేయదు. ఎవరూ చెప్పక్కర్లేదు.

నాయన కట్టె ఊతంగా వచ్చి మా ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాడు. ఎనభై నాలుగేళ్ళు. మోకాళ్ళు రెండూ పోయాయి.

"ఈ రోడ్డు మీద నేను నూట ఇరవైలో పోయినా, తెల్సా?" అన్నాడు.

"తెలుసు నాయనా."

రోజూ అంటాడు. రోజూ తెలుసంటాను. అదీ ఆ పొద్దు.

నిన్న ఆదివారం పిలుపుకార్లు వచ్చాయి. ఆరు. తెల్లగా, కోడిగుడ్ల మాదిరి ఉన్నాయి. నడిపే మనిషి ఉండడు. గుమ్మంలో నిలబడి పిలిస్తే వచ్చి ఆగుతాయి. కంపెనీ వాళ్ళు రెండు వారాలు ఊరికే తిరగమన్నారు. ఆ తర్వాత పౌర్ణమి మర్నాడు సభలో ఇంటింటి మాట చెప్పాలి. సరే అంటే తూర్పు వరస చెట్లు నూట ఎనభై కొట్టేసి, బాటలో సగం కార్లకిస్తారు.

బాట మీద నలభై ఒక్క ఇల్లు. నలభై సరే అన్నా, ఒక్కటి కాదంటే బాట కదలదు. ఇరవై ఆరేళ్ళ కిందట కార్లు వద్దనుకుని తారు పెళ్ళగించి చెట్లు నాటిన రోజు ఆ షరతు పెట్టించింది నేనే. మా ఇంటి మాట చెప్పేదీ నేనే. అది పెద్దబిడ్డ పని, మా ఇంట్లో ఆనవాయితీ.

కాబట్టి కాదు. దీని మీద ఇంకేమీ రాయనక్కర్లేదు.

వైశాఖ శుద్ధ పంచమి, గురువారం

నీడలో ముప్పై ఏడు. కుండలు మధ్యాహ్నానికే అడుగంటాయి. మూడో రోజు ఇది.

రాయనక్కర్లేదు అని రాసిన మనిషిని మళ్ళీ రాస్తున్నాను.

తమ్ముడు జశ్వంత్ కూతురు చిత్రావతి నిన్నటికి పదకొండుసార్లు కారెక్కింది. లెక్క నేను పెట్టింది కాదు, అదే చెప్పింది. దానికి ఇరవై ఒక్కటి. అది పుట్టిన ఏడు వాన పడలేదు. ఊళ్ళో ఆ ఏడు పుట్టిన ఆడపిల్లలందరికీ నదుల పేర్లే పెట్టారు. పిలిస్తే వస్తాయని ఆశ. మేం చిత్ర అంటాం.

నిన్న సాయంత్రం వాళ్ళ అబ్బను, అంటే మా నాయనను, చెయ్యి పట్టుకుని కారులో కూర్చోబెట్టింది. ఊరు రెండు చుట్లు తిరిగి వచ్చారు. దిగాక నాయన ముఖం చూశాను. పదేళ్ళు తగ్గింది.

"ఎట్లుంది నాయనా?"

"బాగుంది గానీ, నూట ఇరవైలో పోమంటే నలభై దాటనంటాది. స్టీరింగు యాడ అని అడిగితే పాట పెట్టింది."

చిత్ర పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఇరవై ఒకటికీ ఎనభై నాలుగుకీ ఎంత బాగా కుదిరిందో. మధ్యలో యాభై ఆరేళ్ళ నేను ఒక్కదాన్నే అడ్డం.

"అత్తా, ఒక్కసారి ఎక్కు," అంది చిత్ర.

"వద్దు."

"ఎందుకు?"

"నాకు కాళ్ళున్నాయి."

"అబ్బకు లేవు కదా."

దీపం వేళయిందని లోపలికి వచ్చాను. వేళ నిజంగానే అయింది. కానీ నేను లోపలికి వచ్చింది అందుకు కాదు.

గుత్తిలో ఓబులేష్ మామ ఉన్నాడు. నాయనా ఆయనా వయసులో ఉండగా ఒకే ట్రావెల్స్‌లో కార్లు నడిపారు. ఇప్పుడు ఆయన మంచానికీ గేటుకూ మధ్య మాత్రం నడవగలడు. గుంపుబండిలో గుత్తికి మూడు గంటలు. బల్ల మీద అంతసేపు నాయన కూర్చోలేడు. ఆసుపత్రి బండి ఉంది గానీ ఆసుపత్రికే. స్నేహితుణ్ణి చూడ్డం రోగం కాదంటారు. ఇద్దరూ కలుసుకుని రెండేళ్ళు దాటింది.

పిలుపుకారులో గుత్తికి ముప్పై నిమిషాలంట.

వైశాఖ శుద్ధ అష్టమి, ఆదివారం

పొద్దున తొమ్మిదికి నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో దువ్వెన పెట్టుకుని, పిలుపుకారులో గుత్తికి బయల్దేరాడు. తోడొస్తానని చిత్ర అంటే వద్దన్నాడు. "నేను డ్రైవర్ని. నాకు తోడేంది?" నేను అరుగు మీద నిలబడి చూశాను. ఆపలేదు.

పదీ పదికల్లా తిరిగొచ్చాడు.

"చూసొచ్చినా," అన్నాడు. చొక్కా మార్చుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ముప్పై నిమిషాలు పోను, ముప్పై రాను. మిగిలింది పది నిమిషాలు. రెండేళ్ళ తర్వాత పది నిమిషాలు మాట్లాడి వచ్చేస్తాడా అనుకున్నాను. అడగలేదు. చిత్ర కూడా అడగలేదు గానీ వంటింట్లోకి వచ్చి ఊరికే గిన్నెలు సర్దింది.

మధ్యాహ్నం ఓబులేష్ మామే ఫోను చేశాడు. చిత్ర తీసింది.

"ఏమ్మా, మీ అబ్బకు నా మీద కోపమేమన్నా ఉండాదా? గేటు దాకా వచ్చి, నన్ను చూసి, దిగకుండా వెనక్కి పోయినాడు. నేను చెయ్యెత్తినా. ఎత్తిన చెయ్యి అట్లే ఉండాది."

చిత్ర ఫోను పెట్టేసి నాయన మంచం పక్కన కూర్చుంది. అప్పుడు ఆయన చెప్పాడు.

కారు ఓబులేష్ మామ గేటు ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. నాయన మోకాళ్ళు సవరించుకునేసరికి పది నిమిషాలయింది. ఒక కాలు బయట పెట్టబోతూ, ఇంతసేపు మోసుకొచ్చిన బండికి మర్యాదగా చెప్పాడు: "పోయొస్తామ్మా."

మా ఇళ్ళల్లో పోతాను అనరు. పోతాను అంటే మళ్ళీ రాని పోక. కొట్టు నుంచి లేచినా, పక్కింటి గడప దాటినా పోయొస్తా అనాలి. ఎనభై ఏళ్ళుగా నోటికి పట్టిన మాట అది.

కారు దాన్ని ఆజ్ఞ అనుకుంది. పోయింది కదా, ఇక రావాలి. తలుపు మూసుకుని ఇంటికి బయల్దేరింది. ఆపమ్మా, నిలుపమ్మా అని ఈయన కేక పెడితే, ఇల్లు చేరడానికి ఇరవై తొమ్మిది నిమిషాలు అందంట.

చిత్రకు ముందు నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెయ్యి తీయలేదు.

సాయంత్రం చెల్లెలు లాస్య వచ్చింది. మూడు వీధుల అవతల ఉంటుంది. విషయం విని గంతేసినంత పని చేసింది.

"చూసినావా నాయనా, అది బండేనా? మొద్దు! ఇదే సభలో చెప్తే చాలు, ఒక్కరు కూడా సరే అనరు."

"బండి తప్పేముంది?" అన్నాడు నాయన. గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "నేను చెప్పిన మాట అది చేసింది. నా పిల్లలు ముగ్గురిలో ఎవరన్నా చేసినారా అట్లా?"

లాస్య నోరు మూసుకుంది. అది అరుదు.

"ఈసారి నోరు తెరవకుండా దిగుతా," అన్నాడు. "కార్లు రావాల్సిందే."

నాయనను చూస్తే ఒక్కోసారి నన్ను నేనే చూసుకున్నట్టుంటుంది.

వైశాఖ శుద్ధ దశమి, మంగళవారం

నీడలో ముప్పై ఎనిమిది.

తూర్పు వరస చెట్లకు కంపెనీ వాళ్ళు ఎర్ర రంగు గీతలు పెట్టిపోయారు. ఇంకా ఎవరూ మాట చెప్పలేదు. గీతలు మాత్రం వచ్చేశాయి. వరసగా నూట ఎనభై గీతలు చూస్తూ ఊడ్చాను. పూలు ఎప్పటిలాగే రాలుతున్నాయి.

ఎవరెవరు సరే అంటారో ఊరికి తెలిసిపోయింది. ముప్పై ఎనిమిది ఇళ్ళు సరే. రెండిళ్ళు ఊగుతున్నాయి. మాది కాదు. నేను చీపురుతో ఉండగా ఒక కారు నెమ్మదించింది. అద్దం దిగింది. లోపలి నుంచి ఎవరో, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అన్నారు. అద్దం ఎక్కింది. గొంతు మా వీధిదే. ముఖం చూపించే ధైర్యం లేదు.

వెనకాలే వచ్చిన గుంపుబండిలో నుంచి రయాన్ విన్నాడు.

"అక్కా, వాళ్ళను పట్టించుకోవద్దు. కార్లొస్తే నాకు పని పోతుందని నేనూ ఏడుస్తాండా అనుకుంటారు. ఏడుస్తాండా, నిజమే. కానీ దానికని చెప్పడంలే."

"నువ్వు ఏడవకు," అన్నాను. "నేను ఉలిపికట్టెనే. దారి ఇస్తేగా వాళ్ళకు."

మధ్యాహ్నం లాస్య పసుపు డబ్బా, కుంకుమ పొట్లం తెచ్చింది.

"అక్కా, ఒక్క ఉపాయం. నూట ఎనభై చెట్లకూ పసుపు రాసి బొట్టు పెడదాం. నాలుగు నిమ్మకాయలు కడదాం. గొడ్డలి ఎవడు ఎత్తుతాడో చూస్తాం."

"వద్దు."

"నువ్వే వద్దంటావా? పొద్దున లేస్తే దేవుడూ దేవుడూ అంటావు!"

"అందుకే వద్దు. ఈ రోజు మధ్యాహ్నం అవసరానికి చెట్టును దేవుణ్ణి చేస్తే, రేపు పొద్దున దీపం దగ్గర ఆయనకేం చెప్పేది? కాదనేది నేను. నా పేరు మీద కాదంటాను. ఆయన్ను అడ్డం పెట్టను."

లాస్య డబ్బా మూత పెట్టుకుంది. "నువ్వు గెలవవు అక్కా," అంది. "మంచిదానివి కాబట్టి కాదు. మొండిదానివి కాబట్టి."

పసుపు మాత్రం ఇచ్చి వెళ్ళింది. కూరకు వాడాను.

వైశాఖ శుద్ధ ఏకాదశి, బుధవారం

ఉపవాసం. నీళ్ళు మాత్రం.

ఊడ్చి వచ్చి తులసి కోట దగ్గర కూర్చున్నాను. చిత్ర వచ్చి ఎదురుగా గడప మీద కూర్చుంది. గడప మీద కూర్చోకూడదని దానికి తెలుసు. తెలిసే కూర్చుంది.

"అత్తా, నీకు ఆకలవుతుందా?"

"అవుతుంది."

"అయినా తినవు."

"తినను."

"ఎందుకంటే తినాలంటే తినొచ్చు. ఇంట్లో బియ్యం ఉన్నాయి. వద్దనుకున్నావు. అందుకని అది ఉపవాసం." నా నీళ్ళ చెంబు వైపు చూసింది. "ఇంట్లో బియ్యమే లేక తినకపోతే?"

నేను చూస్తున్నాను.

"దాన్ని పస్తు అంటారు," అంది. "మీరందరూ కార్లలో తిరిగినారు. అబ్బ నూట ఇరవైలో పోయినాడు. నువ్వు కాలేజీకి కారులో పోయినావు, నాన్న చెప్పినాడు. సముద్రం చూసొచ్చినారు, తిరుపతి పోయొచ్చినారు, వానలో అద్దాలు ఎక్కించుకుని మిరపకాయ బజ్జీలు తిన్నారు. మొహం మొత్తింది. అప్పుడు వద్దనుకుని తారు పగలగొట్టినారు. మంచిదే. పుణ్యం. కానీ అత్తా, మాకు మొహం మొత్తలేదు. మాకు పెట్టనే లేదు. నేను పుట్టినప్పటి నుంచి ఈ ఊరి నుంచి నలభై కిలోమీటర్లు దాటలేదు. నీది ఉపవాసం. మాది పస్తు. రెంటికీ ఒకే పేరు పెట్టి మమ్మల్ని కూడా దండం పెట్టుకోమంటావు."

నా దగ్గర మాటలు ఎప్పుడూ తక్కువే.

ఈ బాట కోసం ఎంత ఎండ భరించామో చెప్పొచ్చు. తారు పెళ్ళగించిన ఏడు రోడ్డు మీద వడదెబ్బకు పడిపోయినవాళ్ళను చెప్పొచ్చు. ఈ అరచేతుల్లో గడ్డపార కాయలు ఇంకా ఉన్నాయని చూపించొచ్చు. అవన్నీ నిజం. దానడిగినదానికి అవి జవాబు కావు.

"గడప మీద నుంచి లే," అన్నాను చివరికి.

లేచింది. వెళ్తూ నా చెంబులో నీళ్ళు నింపి పెట్టింది.

వైశాఖ శుద్ధ త్రయోదశి, శుక్రవారం

కారెక్కాను.

ఎవరికీ చెప్పలేదు. ఊడ్చడం అయ్యాక, చీపురు అరుగుకు ఆనించి, పిలిచాను. వచ్చింది. కూర్చున్నాను. తలుపు మూసుకుంది.

"ఎక్కడికి?" అంది.

అదే మొదటి మాట. మళ్ళీ అడిగింది, ఎక్కడికి అని. మూడోసారి కూడా అడిగింది. యాభై ఆరేళ్ళలో నన్ను వరసగా మూడుసార్లు యాడికి అన్నవాళ్ళు లేరు.

"చివరి దాకా," అన్నాను.

"ఏ చివర?"

"నీకు దగ్గరున్న చివర."

బయల్దేరింది.

చల్లగా ఉంది. మెత్తగా ఉంది. చప్పుడు లేదు. నాకు గంటన్నర పట్టే నడక తొమ్మిది నిమిషాల్లో అయింది. నడుము నొప్పి లేదు, చెమట లేదు. హాయిగా ఉంది. అది రాయకపోతే అబద్ధం రాసినట్టు.

దారిలో ముప్పై ఒక్కరు కనిపించారు. అలవాటు కొద్దీ ప్రతి ఒక్కరికీ దూరమా అన్నాను. అద్దం లోపల నుంచి. ఎవరికీ వినపడలేదు. బడి టీచరమ్మ గొడుగు ముడుచుకుంటూ కనిపించింది, ఆమె ఇటు చూసి, కారొస్తోందని పక్కకు జరిగింది. లోపలున్నది నేను. ఇరవై ఆరేళ్ళలో ఈ బాట మీద నా కోసం ఒకరు పక్కకు జరగడం ఇదే మొదలు.

చివర దిగి వెనక్కి నడిచొచ్చాను. తొమ్మిదింటి ఎండ. నీడ ఉంది కాబట్టి వచ్చాను.

హాయిగా ఉన్నవాటన్నిటికీ సరే అనాలని ఎక్కడా లేదు. నా మాట మారలేదు. కానీ నా మాట నాదే. ఇంటిది కాదు. నడుస్తూ అది తెలిసింది.

ఇంటికి వచ్చి చిత్రను పిలిచాను.

"ఇంటి మాట ఈసారి నువ్వు చెప్పు."

"నేనా?" తమాషా అనుకుంది. "నేను సరే అంటే?"

"సరే అని రాస్తారు. చెట్లు కొడతారు."

"నువ్వేం చేస్తావ్?"

"నీతో పోట్లాడతాను. పౌర్ణమి దాకా ప్రతి పూటా పోట్లాడతాను. కానీ నీ నోటికి అడ్డం రాను. ఇప్పుడు బియ్యం నీ చేతిలో ఉన్నాయి. వండుకుంటావో, వద్దనుకుంటావో."

అది నవ్వలేదు. కంపెనీ కాగితం ఉందా అని అడిగింది. ఇచ్చాను. నలభై పేజీలు. ఈ ఊళ్ళో దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివిన మనిషి అదొక్కటే అనుకుంటాను. నేనూ చదవలేదు. కాదనడానికి చదవక్కర్లేదనుకున్నా. అది నా తప్పే.

వైశాఖ పౌర్ణమి, ఆదివారం

నీడలో ముప్పై తొమ్మిది.

మాట ప్రకారం రెండు రోజులు చిత్రతో పోట్లాడాను. వంటింట్లో, బావి దగ్గర, బట్టలు ఆరేస్తూ. అదీ తగ్గలేదు. ఒకసారి జశ్వంత్, "మీరిద్దరూ కారెక్కి యాడికన్నా పోయి పోట్లాడుకోండి, నా తల పగిలిపోతాంది" అన్నాడు. యాడికన్నా అన్నందుకు మేమిద్దరం కలిసి వాణ్ణి తిట్టాం.

ఈ సాయంత్రం దీపం పెట్టాక నడవలో కూర్చున్నాం. నాయన మంచం మీద. జశ్వంత్, లాస్య, నేను చాప మీద. చిత్ర కాగితం పట్టుకుని నిలబడింది.

"ఎవరిది ఏం మాటో ముందు చెప్పండి," అంది.

"సరే," అన్నాడు నాయన, అడగకముందే.

"కాదు," అంది లాస్య.

"ఎటైనా నాకొకటే. అన్నం పెట్టండి," అన్నాడు జశ్వంత్.

"కాదు," అన్నాను.

"పదిహేడో పేజీ," అంది చిత్ర. "ఒకసారి సరే అంటే ఇరవై ఏళ్ళంట. ఇరవై ఏళ్ళు ఎవరూ మళ్ళీ అడగకూడదు. బాట మళ్ళీ నడకకు కావాలన్నా కుదరదు. ఇది చదివినాక నాకు నిద్ర రాలేదు. మమ్మల్ని అడగకుండా చేసినారని అత్తను ఎన్ని రోజులుగా సతాయిస్తాండా? రేపు నేను దీనికి సరే అంటే, ఇంకా పుట్టని పిల్లలను అడగకుండా నేనూ అదే చేసినట్టు. వాళ్ళొచ్చి గడప మీద కూర్చుంటే నేనేం చెప్పాల?"

చిత్ర కాగితం మడిచింది.

"అందుకని కాదంటా. చెట్ల కోసం కాదు. అత్త కోసం అంతకన్నా కాదు."

"నా కోసం వద్దులే," అన్నాను. లోపల ఏదో వదులైంది. అప్పుడే వదలకూడదని తర్వాత తెలిసింది.

"అయిపోలేదు," అంది. "అత్తా, నీ షరతు కూడా అట్లాంటిదే. ఒక్క ఇల్లు కాదంటే నలభై ఇళ్ళు నోరు మూసుకోవాల. నువ్వు బతికున్నంత కాలం కాదంటావు. అంటే ఎప్పటికీ ఎవరూ అడగలేరు. కంపెనీది కొత్త తాళం. నీది పాత తాళం. నేను ఒకటి వేయనివ్వనంటే రెండోది తీయాల."

లాస్య లేచింది. "ఏందే, ఆ షరతు లేకపోతే వచ్చే ఏడే చెట్లు పోతాయి! ముప్పై ఎనిమిది ఇళ్ళు..."

"పోతే పోతాయి అత్తా. లేదా వాళ్ళను మీరు ఒప్పించుకోండి. ఒక్కో ఇంటికీ పోయి, నాతో పోట్లాడినట్టు పోట్లాడండి. ఈ ఇరవై ఆరేళ్ళలో ఒక్కరితోనన్నా పోట్లాడినారా? షరతుందని కూర్చున్నారు."

అది నిజం. ఊడ్చాను. కుండలు నింపాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పే అవసరం లేకుండా చేసుకున్నాను.

మనసులో ఒక నామం అనుకున్నాను. దేవుడు కూడా చిత్ర వైపే చూస్తున్నట్టనిపించింది.

"ఆ షరతు నేను పెట్టించాను," అన్నాను. "తీయమని అడిగేదీ నేనే."

"అక్కా!" అంది లాస్య.

"కూర్చో లాస్యా. గెలవాలంటే తలుపు తెరిచి గెలవాలి."

కాబట్టి ఇంట్లో తీర్మానం ఇది. రేపు సభలో మా ఇంటి మాట కాదు. చెప్పేది చిత్ర. దాని వెంటనే నేను లేచి, ఒక్క ఇంటి షరతు ఎత్తేయమని అడుగుతాను. ఇక మీదట ప్రతి వైశాఖంలో బాట గురించి మళ్ళీ అడగాలి, సగానికి పైగా ఇళ్ళు ఏదంటే అది, ఒక్క ఏడాదికి మాత్రమే. చెట్టు కొట్టడం ఏడాదితో పోయేది కాదు గనక, దానికి మాత్రం వరసగా మూడేళ్ళు అదే మాట రావాలని లాస్య పట్టుబట్టింది. చిత్ర ఆలోచించి ఒప్పుకుంది. రయాన్‌ను అడిగి గుంపుబండిలో వెనక బల్ల తీసేసి, నాయన కాళ్ళు చాపుకుని పడుకునేలా మంచం బిగించడం జశ్వంత్ పని. ప్రతి గురువారం మాలో ఒకరు ఆయన్ను గుత్తికి తీసుకెళ్ళి, సాయంత్రం దాకా ఉండి రావాలి. మొదటి వారం నేను.

నాయన తనది మాత్రం సరే అనే ఉండాలన్నాడు. మంచం వేసినా, గుత్తి తీసుకెళ్ళినా మాట మార్చనన్నాడు. ఆయన మాట ఇక్కడ ఉంచుతున్నాను: కిషోర్, ఎనభై నాలుగు, కార్లు కావాలి.

చివర్లో చిత్ర వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది.

"అత్తా, ఏటా అడుగుతాం. తెలుసు కదా?"

"అడగండి," అన్నాను. "ఏటా కాదంటాను. ఈసారి ఇంటింటికీ వచ్చి కాదంటాను."